ఏడో వార్డు బోర్డు

గ్రిమ్స్‌బీలో ముందు వాసనొస్తుంది,
సముద్రం తర్వాత.
అక్కడి ఆసుపత్రి ఏడో వార్డులో
పదహారేళ్ల తెల్లబోర్డు పీకేసి
తెర పెట్టించడం నా ఉద్యోగం.
ఆలు లేదు, చూలు లేదు,
అప్పటికే ప్రాజెక్టుకి పేరుంది, లోగో ఉంది,
ఆ లోగోతో నీలంరంగు కప్పులున్నాయి.

మొదటి మీటింగుకి నలభై బిస్కెట్లు,
పదకొండుమంది మనుషులు.
నా గ్రాఫులన్నీ పైకే ఎక్కాయి.
అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు.
ఆ ఊపుళ్లు లెక్కబెట్టుకుని
జాబితాలో ఒక్కో పేరుకీ పచ్చరంగు పూశాను.

డోరీన్ ఆల్సప్ ఊపలేదు.
రాత్రి డ్యూటీ సిస్టరు.
బిస్కెట్టు టీలో ముంచి
అది విరిగి పడేదాకా చూసి, అడిగింది:
"తెల్లారుజామున మూడింటికి
ఎప్పుడైనా ఇక్కడున్నావా, అమ్మాయ్?"

ఆమెకి ఎర్రరంగు.
పక్కన "వ్యతిరేకత: ఎక్కువ" అని రాసుకున్నాను.
మా డైరెక్టరు ఆ ఎరుపు చూసి
"ఒప్పించు. కాకపోతే చుట్టూ తిరిగి వెళ్లు" అన్నాడు.
చుట్టూ తిరిగి ఎక్కడికి?
ఆ వార్డుకి ఒకటే తలుపు.

ఫిబ్రవరి. మూడుంబావు.
నా మడమల చప్పుడు నాకే సిగ్గేసింది.
పోర్టరు క్వాబెనా ఏమీ అనకుండా
రెండు గుడ్డ తొడుగులు చేతిలో పెట్టాడు.
బోర్డు మీద సగం చెరిగిన పేర్లు,
ఎవరి మూడో, ఎవరి ఎనిమిదో తెలియని అంకెలు.
పన్నెండో మంచం పక్కన
గోరు కత్తిరిస్తే పడ్డ ముక్కంత
నీలం చందమామ.

"ఇదేంటి?"

హాలీనా గొంతు తగ్గించింది:
"ఆయన్ని ఇంక బీపీ కోసం లేపం.
భార్య కుర్చీలో నిద్రపోయింది, ఇప్పుడే.
అటు ట్రాలీ తొయ్యం."
అంతే. ఏ ఫారంలోనూ లేదు.
నేల తుడిచే మనిషైనా, పెద్ద డాక్టరైనా
ఆ నెలవంక చూసి అడుగు మెత్తన చేసుకుంటారు.
మొదట ఎవరు గీశారో డోరీన్‌కీ తెలియదట.

నా తెరలో నలభై రెండు గడులు.
చందమామ లేదు.

మర్నాడు రెడింగు కంపెనీకి ఫోన్ చేశాను.
"దీనివల్ల కలిగే ప్రయోజనం?" అన్నాడు అవతల కుర్రాడు.
"చప్పుడు లేకపోవడం."
కాసేపు కీబోర్డు టకటకలు.
"ఆ ఆప్షను మా మెనూలో లేదండీ."

రెండో మీటింగు రాత్రి రెండున్నరకి,
దుప్పట్ల గదిలో, నిలబడే.
బిస్కెట్లు లేవు. గ్రాఫులూ లేవు.
"చందమామ రాకపోతే తెర రాదు" అన్నాను.
ఒక్క తలా ఊగలేదు.
పోట్లాట మొదలైంది.
పసుపా, పిచ్చా నీకు? నీలమే ఉండాలి.
ఎడమవైపు. ఛ, కుడివైపు.
మిణుకుమిణుకుమంటే మాత్రం పగలగొడతానంది హాలీనా.
లిఫ్టు పాడైతే చెప్పే గుర్తు కావాలన్నాడు క్వాబెనా,
తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాడట.
పచ్చరంగు పూసిన పెద్దలు
ఆ వేళ ఏ పరుపుల్లో ఉన్నారో గానీ,
ఎవరిదో మోచెయ్యి నా పక్కటెముకల్లో పొడిచింది.
నా పెన్ను లాక్కుని ఎవరో
నా కాగితం మీదే గీస్తున్నారు.

మే నెలలో తెర వచ్చింది,
మూడు వారాలు ఆలస్యంగా,
డైరెక్టరు చివాట్లతో సహా.
డోరీన్ దాన్ని కణుపుతో తట్టింది,
ఎవరింటి తలుపో తట్టినట్టు.
"నాకింకా నచ్చలేదు" అంటూనే సంతకం పెట్టింది.
జేబులో నీలం మార్కరు కనబడుతూనే ఉంది.
జాబితాలో ఆమె పేరు పక్కన
ఏ రంగు వెయ్యాలో తోచక
ఖాళీగా వదిలేశాను.

బోర్డు పీకిన చోట గోడమీద
ఎండ తగలని చర్మంలా ఒక చదరం మిగిలింది.
ఓ మూల, సున్నం మీద,
ఎవరో గీశారు. చిన్నదే.
పెయింటర్లని పిలవాల్సింది నేనే.
ఇంకా పిలవలేదు.